ముత్తెమ్మ ముడిచిన రెక్క

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వచ్చిందంటే చాలు, తాటికాయతో ఒక పోటీ జరిగేది. ఆ పోటీలో ఒక కొంగ చేసిన పని ఇప్పుడు చెబుతాను. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి పిల్లలూ, నా గొంతు అంత పెద్దది కాదు. ఆ చివర ఉన్న నువ్వు కూడా జరుగు తల్లీ. ముందుకు జరగడం, వెనక్కి జరగడం అన్నదే ఈ కథలో అసలు సంగతి.

ఆ అడవి మధ్యలో ఒక కొండ ఉంది. కొండ మీద నరసింహస్వామి వెలసిన రాయి ఉంది. రాయి కింద నుంచి సన్నగా ఒక ఊట పుట్టి, కొండ దిగువన చిన్న మడుగు కట్టేది. ఎంత ఎండ కాసినా ఆ ఊట ఆగేది కాదు. అంతా స్వామి దయ అనుకునేవి జంతువులు. అయితే మడుగు మరీ చిన్నది. ఒక మంద దిగి తాగి వెళ్ళిందంటే నీళ్ళన్నీ బురద. మళ్ళీ తేటపడడానికి సగం పూట పట్టేది. అందుకని పొద్దున్నే ఎవరు ముందు తాగాలన్నది పెద్ద తగువు.

అడవిదున్నలు మేమే ముందు అనేవి. అడవిపందులు మేమే ముందు అనేవి. కొమ్ములకూ కోరలకూ మధ్య చాలా రక్తం పోయాక, పెద్దలు కూర్చుని ఒక ఏర్పాటు చేశారు. పోట్లాట వద్దు, ఆట ఆడండి. గెలిచినవాళ్ళు వానలు పడేదాకా పొద్దున తాగుతారు, ఓడినవాళ్ళు మధ్యాహ్నం తాగుతారు. అంతే.

ఆట ఇలా ఉండేది. ఒక్కో పక్షానికి పదకొండు మంది. నోటితో పట్టుకోవడానికి వీలుగా తీగ చుట్టిన ఎండు తాటికాయ ఒకటి. ఒక పక్షం ఆ కాయను పట్టుకుని, ఎదుటివాళ్ళను తోసుకుంటూ వెళ్ళి, అవతల పేర్చిన రాళ్ళ వరస దాటించాలి. ముందు ఒకరికి మూడు ఎత్తులు, అంటే మూడు ప్రయత్నాలు, తరువాత ఇంకొకరికి మూడు ఎత్తులు. ఎవరు ఎక్కువసార్లు దాటిస్తే వాళ్ళదే గెలుపు.

దానికి ఒక్కటే గట్టి నియమం. కాయ పట్టుకున్న పక్షంలో కనీసం ఏడుగురు ముందు గీత మీద భుజం భుజం ఆనించి నిలబడాలి. వెనక నలుగురికి మించి ఉండకూడదు. ఎందుకంటే, మొదట్లో ఈ నియమం లేనప్పుడు పదిమందీ వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి ఒక్కసారిగా పరుగెత్తుకొచ్చి గుద్దేవాళ్ళు. పరుగుతో వచ్చే దెబ్బ బరువు వేరు కదా. ఒక ఏడాది అలా దెబ్బ తిని ఇద్దరు మళ్ళీ లేవలేదు. అప్పుడు పెట్టారు ఈ నియమం.

మరి గీత ఎక్కడ ఉంది అంటారా? గీసిన గీత కాదది. కాయ పట్టుకుని నడిమధ్య ఒకడు నిలబడతాడు. వాడి భుజానికి సమంగా ఎవరి ముక్కు వస్తే వాళ్ళు గీత మీద ఉన్నట్టు. ముక్కు అంతవరకూ రాకపోతే వెనక ఉన్నట్టు. ఈ తేడా ఎదురుగా నిలబడితే తెలియదు, వెనక నిలబడినా తెలియదు. వరసకు అటు చివరా ఇటు చివరా నిలబడి, పక్క నుంచి చూసేవాళ్ళకే తెలుస్తుంది.

అలా చూడడానికి ముగ్గురు తీర్పరులు ఉండేవారు. పడమటి చివర కూర్మయ్య అనే తాబేలు. తూర్పు చివర ముత్తెమ్మ అనే కొంగ. వరస వెనక ఒక బండ మీద భద్రయ్య అనే ముసలి ఎలుగుబంటి.

భద్రయ్యదే ఆఖరి మాట. ఆయన బండ మీద కూర్చుని, వెనక విడిగా నిలబడ్డవాళ్ళను లెక్కపెడతాడు. వాళ్ళు స్పష్టంగా కనిపిస్తారు. తేలనిది వరసలో రెండు చివర్ల ఉన్నవాళ్ళ సంగతే. అది చెప్పడం చివర నిలబడ్డ తీర్పరుల పని. తన వైపు చివరివాడు గీతకు వెనక ఉంటే ముత్తెమ్మ రెక్క వెనక్కి చాచి పట్టుకోవాలి. గీత మీద ఉంటే రెక్క ముడుచుకోవాలి. కూర్మయ్యకు రెక్కలు లేవు కాబట్టి మెడతో చెప్పేవాడు. వెనక ఉంటే మెడ బయటికి, గీత మీద ఉంటే మెడ లోపలికి. భద్రయ్య ఆ మెడనూ ఈ రెక్కనూ చూసి, తన లెక్కకు కలుపుకుంటాడు. నాలుగు దాటితే పక్కనున్న బోలు దుంగ మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ ఎత్తు పోయినట్టే.

పనిలో చేరిన రోజున కూర్మయ్య ముత్తెమ్మకు మూడు మాటలు చెప్పాడు. ముందున్నవాళ్ళను లెక్కపెట్టకు, వాళ్ళ కాళ్ళూ తలలూ కలిసిపోయి లెక్క తప్పుతుంది, వెనకవాళ్ళనే చూడు అన్నాడు. ఈగ వాలేంత తేడా ఉంటే రెక్క ఎత్తకు, చివరివాడికి నెమ్మదిగా చెప్పి సరిచెయ్యి అన్నాడు. రెక్క ఎత్తాక మాత్రం కాయ కదిలేదాకా దించకు అన్నాడు. ముత్తెమ్మ కొండ మీది రాతికి మొక్కి, కన్ను చూసిందే రెక్కతో చెబుతానని మాట ఇచ్చింది.

నాలుగేళ్ళు ఆ మాట మీదే నిలబడింది. ఒంటికాలి మీద నిలబడే కొంగ కదా, కదలకుండా చూడడం దానికి పుట్టుకతో వచ్చింది. చేపల కోసం దొంగజపం చేసే జాతి అని పందులు మొదట్లో వేళాకోళం చేసేవి. తరువాత తరువాత మానేశాయి.

ఇక ముత్తెమ్మ బతుకు సంగతి చెప్పాలి. దాని తిండి అంతా దున్నల దగ్గరే. దున్న గడ్డిలో నడిస్తే మిడతలు లేస్తాయి, వీపు మీద కూర్చున్న కొంగ వాటిని పట్టుకుంటుంది. ఊట మడుగు ఒడ్డున తుమ్మచెట్టు మీద దానికి గూడు ఉంది, గూట్లో మూడు పిల్లలు. ముత్తెమ్మ రోజూ ఎక్కే వీపు సింగన్నది. సింగన్న మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న దున్న. మాట తక్కువ, ఎదురు చెప్పడం అసలే లేదు. ముత్తెమ్మను అక్కా అనేవాడు. చెవిలో గోమారి పురుగు పట్టిందంటే తల వంచి నిలబడేవాడు, ముత్తెమ్మ తీసిపెట్టేది.

దున్నల ఉప్పు తినే కొంగను తీర్పరిగా పెట్టడమేమిటి అని మీకు అనిపించవచ్చు. కూర్మయ్య పందులు పొర్లే బురదలోనే ఉండేవాడు మరి. ఎవరికీ ఏమీ కాని జంతువు ఆ అడవిలో ఎక్కడుంది? మాట మీద నిలబడేవాళ్ళను చూసి పెట్టుకున్నారు, అంతే.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కిందటేడు దున్నలు ఓడిపోయాయి. వేసవంతా మిట్టమధ్యాహ్నం దాకా నీళ్ళు లేక, పాలిచ్చే తల్లులు నాలుకలు చాపుకుని నీడలో పడి ఉండేవి. అది దున్నల పెద్ద గండయ్య మరిచిపోలేదు. ఆయన సింగన్నకు మేనమామ. పోటీకి మూడు రోజుల ముందు, సింగన్న వీపు మీద ఉన్న ముత్తెమ్మ దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, మేత గురించీ ఎండ గురించీ కాసేపు మాట్లాడాడు. పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు.

"మూడూ నోళ్ళు తెరుచుకునే ఉంటాయి, గండయ్య గారూ" అంది ముత్తెమ్మ.

"ఆ నోళ్ళకు లోటు రాకూడదనే నాకూ ఉంది. నిన్ను అబద్ధం ఆడమని అడగనమ్మా, అది పాపం. ఆ రోజు తూర్పు చివర మా సింగడే ఉంటాడు. నీకు రెక్క బరువుగా అనిపిస్తే ఎత్తకు. నేనడిగేది ఇంతే."

గండయ్య జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. సింగన్న ఆ మాటలన్నీ విన్నాడు, గడ్డి నములుతూనే ఉన్నాడు.

పోటీ రోజు వచ్చింది. తీర్పరులు ముగ్గురూ కొండ మీది రాతికి మొక్కి వచ్చి ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. మొదట పందులకు మూడు ఎత్తులు. పందుల పెద్ద కోరయ్య తన వాళ్ళను పద్ధతిగా నిలబెట్టాడు. తూర్పు చివర ఎర్రన్న అనే పంది. వెనక నలుగురే, ఒక్కడు ఎక్కువ లేడు. మూడు ఎత్తుల్లో ఒకసారి కాయను దాటించారు.

తరువాత దున్నల వంతు. గండయ్య ముగ్గురిని వెనక విడిగా నిలబెట్టాడు. పడమటి చివరివాణ్ణి ఒక అడుగు వెనక్కి పెట్టాడు. కూర్మయ్య మెడ బయటికి చాచాడు. ముగ్గురూ, ఒక మెడా, మొత్తం నలుగురు. నియమం అక్కడికి నిండిపోయింది. ఇక తూర్పు చివర సింగన్న గీత మీద ఉండి తీరాలి.

ముత్తెమ్మ పక్క నుంచి చూసింది. సింగన్న ముక్కు నడిమివాడి భుజానికి జానెడు వెనక ఉంది. ఈగ వాలేంత కాదు. అయినా జానెడే కదా అనుకుంది. రెక్క ఎత్తకపోయినా, తమ్ముడూ కాస్త ముందుకు రా అనైనా చెప్పాలి. గండయ్య తనవైపే చూస్తున్నాడు. ముత్తెమ్మ నోరు మెదపలేదు, రెక్క ఎత్తలేదు.

కాయ కదిలింది. దున్నలు కొంత దూరం తోసుకెళ్ళాయి కానీ రాళ్ళ వరస దాటలేదు. ఏమీ జరగలేదు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు కదా అని ముత్తెమ్మ తనకు తానే చెప్పుకుంది.

రెండో ఎత్తుకు సింగన్న పూర్తిగా ఒక అడుగు వెనక్కి నిలబడ్డాడు. పక్క నుంచి చూసేవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. అయితే పక్క నుంచి చూసేది ముత్తెమ్మ ఒక్కతే. అవతలి చివర ఉన్న కూర్మయ్యకు మధ్యలో ఏడు దున్నల పొట్టలు అడ్డం. బండ మీది భద్రయ్య ముగ్గురిని లెక్కపెట్టాడు. కూర్మయ్య మెడ చూసి నాలుగు అనుకున్నాడు. ముత్తెమ్మ వైపు తిరిగాడు.

ముత్తెమ్మ రెక్క ముడుచుకునే ఉంది.

భద్రయ్య తల ఊపాడు. కాయ కదిలింది. సింగన్న ఆ అడుగు దూరం నుంచి పరుగు తీసి, ఎదురుగా ఉన్న ఎర్రన్నను గుద్దాడు. గీత మీద నుంచి తోస్తాడని ఎర్రన్న కాళ్ళు నిలదొక్కుకున్నాడే కానీ, పరుగుతో వస్తాడని అనుకోలేదు. పక్కకు ఎగిరి పడ్డాడు. ఆ సందులోంచి కాయ వెళ్ళి రాళ్ళ వరస దాటింది. దున్నలన్నీ ఒక్కటిగా రంకె వేశాయి.

ఎర్రన్న లేచాడు. ముందు కాలు నేల మీద ఆనడం లేదు. భుజం దగ్గర తోలు చీరి రక్తం కారుతోంది. మూడు కాళ్ళ మీద ఆట బయటికి నడిచాడు. వెళుతూ వెళుతూ ముత్తెమ్మ ముందు నుంచే వెళ్ళాడు. ఏమీ అనలేదు. తెలిస్తే కదా అనడానికి. పరుగెత్తకుండానే ఇంత దెబ్బ కొట్టాడంటే ఎంత బలవంతుడో అని పక్కవాడితో సింగన్ననే మెచ్చుకున్నాడు. ఆ మాట ముత్తెమ్మకు వినబడింది.

ఇప్పుడు చెరొకటి. మిగిలింది దున్నల ఆఖరి ఎత్తు.

ఎర్రన్న చోటులో అతని భార్య సూరమ్మ వచ్చి నిలబడింది. బక్క పంది. వేరే ఎవరూ మిగల్లేదు. గండయ్య సింగన్నకు తోకతో సైగ చేశాడు. సింగన్న రెండడుగులు వెనక్కి వేశాడు. ఎందుకో అతను ఎదురుగా చూడడం లేదు, నేల చూపులు చూస్తున్నాడు.

భద్రయ్య లెక్కపెట్టాడు. ముగ్గురు. కూర్మయ్య మెడ, నాలుగు. తూర్పు వైపు తిరిగాడు.

ముత్తెమ్మకు తుమ్మచెట్టు మీది మూడు నోళ్ళూ కళ్ళ ముందు మెదిలాయి. సూరమ్మ సన్నటి కాళ్ళు కూడా కనబడుతున్నాయి. రెక్క వెనక్కి చాచింది. తెల్లటి రెక్క, ఎండలో అడవంతటికీ కనబడింది.

భద్రయ్య దుంగ మీద దెబ్బ వేశాడు. వెనక ఐదుగురు, ఎత్తు పోయింది అన్నాడు. చెరొకటి కాబట్టి పోటీ సమానం. ఒక రోజు వీళ్ళు ముందు, ఒక రోజు వాళ్ళు ముందు తాగాలి. పందులు సరే అన్నాయి. దున్నల్లో కూడా చాలామంది ఇదీ బాగానే ఉందన్నట్టు నిలబడ్డారు.

గండయ్య ఒప్పుకోలేదు. ముత్తెమ్మ ముందుకొచ్చి నిలబడి, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఇందాకటి ఎత్తులోనూ సింగడు ఇంచుమించు అక్కడే ఉన్నాడు. అప్పుడు నీ రెక్క లేవలేదు. అప్పుడు తప్పు కానిది ఇప్పుడెలా తప్పయిందో చెప్పు."

ముత్తెమ్మ ముందు మూడు దారులు ఉన్నాయి పిల్లలూ. ఇప్పుడే నా చూపు తప్పింది అని రెక్క దించేయవచ్చు, గండయ్య కోరేది అదే. ఇందాక సింగన్న గీత మీదే ఉన్నాడు అని చెప్పవచ్చు. చూసినవాళ్ళు ఎవరూ లేరు, కాదనేవాళ్ళూ లేరు. పోటీ సమానంగా ముగుస్తుంది, తీర్పరి పని ఉంటుంది, నాలుగు రోజులు పోయాక గండయ్య కోపం కూడా చల్లారుతుంది. ఆ రెండో దారి ఎంత సుఖంగా ఉందో చూశారా. అబద్ధాలు చాలావరకు అలాగే ఉంటాయి, నలుగురికీ సర్దుబాటు చేసే మంచివాళ్ళలా కనబడతాయి.

ముత్తెమ్మ కొండ వైపు ఒకసారి చూసి, మూడో దారి పట్టింది.

"ఇందాకటిదీ తప్పే. ఒక అడుగు వెనక ఉన్నాడు. నేను చూశాను. చూసి రెక్క ముడుచుకున్నాను."

కూర్మయ్య మెడ నెమ్మదిగా లోపలికి పోయింది.

"ఎందుకు ముడుచుకున్నావమ్మా?" అని అడిగాడు భద్రయ్య.

"నా పిల్లల తిండి దున్నల వీపుల మీద ఉంది. భయపడ్డాను."

భద్రయ్యకు ముత్తెమ్మ అంటే ఇష్టం. అయినా ఆయన చెప్పాల్సింది చెప్పాడు. దున్నలు దాటించిన ఎత్తు చెల్లదు. గెలుపు పందులది. తాను మళ్ళీ పిలిచేదాకా ముత్తెమ్మ ఇక వరస చివర నిలబడకూడదు.

పందులు గెలిచి కూడా ముత్తెమ్మను తిట్టాయి. ఎర్రన్న కాలు పోయేలా చేసింది కదా. దున్నలు ఓడినందుకు తిట్టాయి. గండయ్య తన మంద మీద ఏ ఒక్క కొంగా వాలకూడదని చెప్పేశాడు. ముత్తెమ్మ అలవాటుగా సింగన్న వైపు ఎగిరి, సగంలో ఆగి, తుమ్మచెట్టు మీదికి వెళ్ళిపోయింది. సింగన్న తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి ముత్తెమ్మ తిండి కోసం దూరాన ఉన్న వాగు దాకా వెళ్ళవలసి వచ్చింది. వాగులో నీళ్ళు తగ్గి చేపలు గుంటల్లోకి చేరాయి. పట్టడం కష్టం, తీసుకురావడం ఇంకా కష్టం. రోజుకు నాలుగుసార్లు ఎగిరినా మూడు నోళ్ళూ నిండేవి కావు.

మూడో రోజున వాగు నుంచి వస్తూ ఎర్రన్న పడుకున్న పొద దగ్గర వాలింది. భుజం మీది గాయానికి ఈగలు ముసురుతున్నాయి. పంది తన భుజం తాను నాక్కోలేదు. ముత్తెమ్మ ఏమీ అడగకుండా ఒక్కొక్క ఈగనే ముక్కుతో పట్టుకుంది. ఎర్రన్న ముందు గుర్రుమన్నాడు. తరువాత కళ్ళు మూసుకున్నాడు.

సూరమ్మ పొదలోంచి చూసి, "నీ పిల్లల కోసం మా ఈగల్ని ఏరుకుపోతున్నావా, లేకపోతే పాపం కడుక్కుంటున్నావా?" అని అడిగింది.

"రెండూను" అంది ముత్తెమ్మ.

సూరమ్మకు ఆ జవాబు నచ్చిందో లేదో తెలియదు కానీ, మళ్ళీ వెళ్ళగొట్టలేదు. ముత్తెమ్మ రోజూ వచ్చేది. గాయం కుళ్ళకుండా మానింది. కాలు నేల మీద ఆనింది కానీ, ఎర్రన్న నడకలో కుంటు మాత్రం పోలేదు. కొన్ని తప్పులు ఒప్పుకున్నా పూర్తిగా సరికావు, నాయనలారా. అది కూడా తెలుసుకుని ఉండాలి. కొంగ పిల్లలు మూడూ బతికాయి. మిగతా గూళ్ళలో పిల్లలు ఎగిరిన నెల తరువాత ఎగిరాయి.

వానలు పడ్డాయి. మడుగు పొంగింది. తాగే నీళ్ళ కోసం కాకపోయినా, కొత్త గడ్డి మొలిచిన ఆనందంలో వానాకాలం చివర సరదాగా ఒక ఆట ఆడడం ఆ అడవిలో అలవాటు. భద్రయ్య ముత్తెమ్మను పిలిపించి, శిక్ష తీరింది, తూర్పు చివర నీ చోటికి వెళ్ళు అన్నాడు.

కోరయ్య అడ్డు చెప్పాడు. ఒకసారి రెక్క ముడిచిన కొంగ మళ్ళీ ముడవదని ఏమిటి నమ్మకం అన్నాడు. గండయ్య కూడా అదే మాట అన్నాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడడం అడవి అదే మొదటిసారి చూసింది.

అప్పుడు ఎర్రన్న కుంటుకుంటూ ముందుకొచ్చాడు.

"నా కాలు పోయింది కాబట్టి నేను చెప్పవచ్చు అనుకుంటాను. ఆమె రెక్క ముడిచిందని మనకెలా తెలిసింది? మనలో ఎవరైనా చూశామా? ఆమె చెబితేనే తెలిసింది. మిగతా తీర్పరులు ఏమేం చూసి ఊరుకున్నారో నాకు తెలియదు. ఈమె సంగతి ఒక్కటే నాకు పూర్తిగా తెలుసు. ఈమెనే నిలబడనివ్వండి."

కూర్మయ్య ఎందుకో గొంతు సవరించుకున్నాడు. కోరయ్య తప్పుకున్నాడు. గండయ్య వేరే వైపు చూస్తూ ఊరుకున్నాడు.

ముత్తెమ్మ తన చోట నిలబడింది. దున్నలకు మొదటి ఎత్తు. వెనక ముగ్గురు విడిగా ఉన్నారు. కూర్మయ్య మెడ బయటికి వచ్చింది. తూర్పు చివర మళ్ళీ సింగన్నే. ఆ వేసవి నుంచి ఈ రోజు దాకా ఆ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. చెవిలో గోమారులు పట్టి సింగన్న చెవి వాలిపోయి ఉంది. గండయ్య తోక కదిలింది, ఒకసారి. సింగన్న అది చూశాడు.

భద్రయ్య లెక్క మొదలుపెట్టేలోగా సింగన్న తల పక్కకు తిప్పాడు. అటు దున్నలూ ఇటు పందులూ వింటుండగా, తన బరువైన గొంతుతో అడిగాడు.

"అక్కా, నేను గీత మీద ఉన్నానా?"

ముత్తెమ్మ పక్క నుంచి చూసింది. నడిమివాడి భుజం చూసింది, సింగన్న ముక్కు చూసింది.

"లేవు తమ్ముడూ. ఒక అడుగు ముందుకు రా."

సింగన్న ఒక అడుగు ముందుకు వచ్చాడు. ముత్తెమ్మ రెక్క ముడుచుకుంది. భద్రయ్య నాలుగు అని లెక్కపెట్టి తల ఊపాడు, కాయ కదిలింది.

అప్పటి నుంచి ఆ అడవిలో వరస చివర నిలబడినవాళ్ళు కాయ కదలక ముందు తీర్పరి వైపు తిరిగి, నేను గీత మీద ఉన్నానా అని పైకే అడుగుతారు. తీర్పరి చూసింది చూసినట్టు చెబుతాడు. ఆ ప్రశ్న నలుగురి ముందూ అడిగాక, గండయ్య తోక ఎంత ఊగినా ప్రయోజనం లేకపోయింది.

ఆ వానాకాలం ఆటలో ఎవరు గెలిచారని ఇంటికి వెళ్ళేటప్పుడు మీరు నన్ను అడుగుతారు, నాకు తెలుసు. అది నాకు చెప్పినవాళ్ళు కూడా మరిచిపోయారు. స్వామి మనందరినీ చల్లగా చూడాలి.

నీతి: చూసిన తప్పును చూడనట్టు ఊరుకోవడం కూడా అబద్ధమే, దాన్ని మన నోటితో మనమే ఒప్పుకున్న రోజునే మన మాటకు మళ్ళీ విలువ మొదలవుతుంది.